తుఫానులో మేనమామ చీర

మా ఆయనకు ఈ లోకంలో పూర్తిగా నమ్మదగిన మనిషి ఒక్కరే ఉన్నారు. రేడియోలో వాతావరణ సూచన చదివే ఆయన. నా మాట మీద మా ఆయనకు అనుమానాలున్నాయి. డాక్టరు మీద, పంచాంగం మీద, రైళ్ళ వేళల మీద ఉన్నాయి. కానీ "ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట చెవిన పడితే చాలు, కలిపిన ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ఆ పూట ఇంట్లో కిరసనాయిలు ఎంత ఉందో చూస్తారు. అగ్గిపెట్టెలు డబ్బాలో దాస్తారు. కిటికీ రెక్కలు తాళ్ళతో కడతారు. ఆ అల్పపీడనం ఒరిస్సా వైపు వెళ్ళి బలహీనపడిందని మర్నాడు అదే రేడియో చెబితే, "చూశావా, జాగ్రత్తపడ్డాం కాబట్టి సరిపోయింది" అంటారు. అంటే మేం కిటికీలు కట్టుకోవడం చూసి తుఫాను దడుచుకుందన్నమాట.

మాది రేపల్లె. సముద్రం మా ఇంటి వాకిట్లో లేదు గానీ, ఏడాదికోసారి పిలవకపోయినా వచ్చి పలకరించేంత దగ్గరలోనే ఉంది. తొంభైల చివర్లో ఒక డిసెంబరులో కుప్పంలో ఉండే మా ఆడపడుచు శాంత కూతురి పెళ్ళి కుదిరింది. మేనమామ పట్టుచీర పెట్టాలి. ఆ చీర మదనపల్లెలో నేసేవాళ్ళ ఇంట్లోనే కొంటే చవకగా వస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. అక్కణ్ణించి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్ళొచ్చు. తుఫానుల నెలలో సముద్రానికి దూరంగా, కొండల మధ్య ఊళ్ళు తిరిగే అవకాశం! మా ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. నాకు మటుకు ఒక ఆశ ఉండేది. ఆ ఎత్తుకి రేడియో సరిగా పలకదేమోనని.

పలికింది. మా ఇంట్లో కంటే స్పష్టంగా పలికింది.

మదనపల్లె: చలీ, జాలీ

తెల్లవారి దిగేసరికి మదనపల్లె మంచులో కనిపించలేదు. బస్టాండు ఉందనడానికి టీ కొట్టు పొయ్యి ఒక్కటే సాక్ష్యం. చలంటే మాకు తెలిసింది సంక్రాంతి ముందు నాలుగు రోజులు దుప్పటి కప్పుకోవడం. ఇక్కడి చలి దుప్పటి అడిగే రకం కాదు, నేరుగా లోపలికి వచ్చి కూర్చునే రకం.

మా ఆయన మంకీ క్యాపు పెట్టుకుని, దాని మీద మఫ్లర్ చుట్టి, చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పట్టుకుని దిగారు. రేపల్లెలో ఈ వేషంతో వీధిలోకి వెళితే పిల్లలు వెంటపడతారు. ఇక్కడ ఎవరూ తిరిగి చూడలేదు. కూరగాయల గంపలవాళ్ళ నుంచి పేపరు వేసే మనిషి దాకా అందరి తలల మీదా అవే టోపీలు. "చూశావా, ఇదీ ఊరంటే" అన్నారు ఆయన గర్వంగా. ఆ వీధిలో వింత మనిషిని నేనే. తలకేమీ లేకుండా, చెవులు ఎర్రబడి, ముక్కు తుడుచుకుంటూ.

టిఫిన్‌కి ఒక చిన్న హోటల్‌కి వెళ్ళాం. ఇడ్లీకి కొబ్బరి చట్నీ అడిగితే శెనక్కాయల చట్నీ వేశారు. సాంబారు అడిగితే మళ్ళీ శెనక్కాయల చట్నీయే వేశారు. మా వైపు వేరుశనగ అంటే బెల్లం పాకంతో అచ్చుకి పోసేది. ఇక్కడ అది అన్నిట్లోనూ ఉంటుంది, ఘాటుగా, కమ్మగా, రెండో ఇడ్లీ తెప్పించుకునేలా. టీ మా ఊరి ధరే గానీ గ్లాసు మటుకు మా ఊరిదానికి తమ్ముడు.

హోటల్‌లో రేడియో మోగుతోంది. తీవ్ర వాయుగుండం తుఫానుగా మారింది. తీరం వెంబడి బలమైన గాలులు వీస్తాయి. జాలరులు వేటకు వెళ్ళరాదు.

మా ఆయన లేచి నిలబడి శబ్దం పెంచమన్నారు. హోటల్ యజమాని, బొట్టు పెట్టుకుని శాలువా కప్పుకున్న పెద్దమనిషి, పెంచాడు. విన్నాడు. తల ఊపాడు.

"మదనపల్లె నుంచి ఈ పొద్దు ఎవురూ సేపలకు పోవడం ల్యా సామీ. మీరు నింపాదిగా తినండి."

అంతా నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. "మాది రేపల్లె అండీ. మా పిల్లలు అక్కడే ఉన్నారు" అన్నారు. అంతే, హోటల్‌లో నవ్వు ఆగిపోయింది. పక్క బల్ల మీది మనిషి వడ నోట్లో పెట్టుకోకుండా మమ్మల్ని చూశాడు. సముద్రం అన్న మాట వాళ్ళకు ఎంత భయంకరంగా వినిపిస్తుందో అప్పుడర్థమైంది. మేం అలల మీద గుడిసె వేసుకుని ఉంటున్నామన్నట్టు జాలిపడ్డారు.

"పాపం గదప్పా, పిల్లోల్లను ఆడ ఇడిసిపెట్టి వచ్చినారే" అన్నాడు యజమాని. నాకొక వడ అదనంగా వేయించాడు. డబ్బులు తీసుకోలేదు. తుఫాను బాధితురాలిగా నా మొదటి సహాయం అది.

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేశాం. మా అమ్మనీ పిల్లల్నీ ఇంట్లో పెట్టి వచ్చాం. పెద్దమ్మాయి పద్మ తీసింది.

"ఎలా ఉందమ్మా అక్కడ?" అని అరిచారు ఆయన.

"ఎండ మండిపోతోంది నాన్నా. అమ్మమ్మ వడియాలు పెట్టింది. మేడ మీద ఆరేశాం."

"మేడ మీదికి వెళ్ళొద్దు! ఆ ఎండని నమ్మొద్దు. తుఫాను ముందు అలాగే ఉంటుంది."

వడియాలు ఎండాయా లేదా అని నేను అడగబోతే ఫోన్ ఇవ్వలేదు. దేశం ఆపదలో ఉండగా వడియాల గురించి అడిగే దాన్ని ఏమనాలో ఆయన చూపులోనే తెలిసింది.

మగ్గం గుంతలో నీళ్ళు

నేతవాళ్ళ పేటలో నాగరాజప్ప అనే ఆయన ఇంటికి వెళ్ళాం. వీధి పొడుగునా ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు వస్తుందని ఊహించుకున్నాను. సగం ఇళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయి. లోపలికి వెళితే నాగరాజప్ప మగ్గం ముందు లేడు, మగ్గం కింద గుంతలో ఉన్నాడు. అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారట. ఇప్పుడు ఆ గుంతలోంచి చెంబుతో నీళ్ళు తోడి బకెట్‌లో పోస్తున్నాడు. ఆయన భార్య ఆ బకెట్ తీసుకెళ్ళి వీధిలో పారబోస్తోంది.

"వాన పడితే ఈ ఊట ఆగదుమ్మా" అందామె. "పైన తడి తగల్నీకుండా కప్పుకుంటాం. కింద్నుంచి వస్తే ఏం జేస్తాం? పట్టు తేమ పడితే పోగు తెగిపోతాది."

"రేడియోలో మీ జిల్లాకి ఏమీ చెప్పలేదే!" అన్నారు మా ఆయన. రేడియోలో చెప్పకుండా ఊరిన నీళ్ళు ఆయన కళ్ళకు అక్రమంగా కనిపించాయి.

"మాకెవురు సెప్తారు సామీ" అన్నాడు నాగరాజప్ప గుంతలోంచే. "మేం పనికిమాలిన ఎత్తులో ఉండాం. సముద్రం ల్యా, ఏరు ల్యా."

నేసిపెట్టిన చీరలు మంచం మీద పరిచారు. చిలకపచ్చ రంగుకి కుంకుమరంగు అంచున్న చీర చూడగానే నేను మాట్లాడటం మానేశాను. మా ఆయన బేరమాడబోయారు. నాగరాజప్ప గుంతలోంచి పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, చీర మడత ఆయన అరచేతిలో పెట్టాడు. దాని బరువు తెలిశాక బేరం ఆగిపోయింది. రెండు పోగులైనా తేమ తగలకూడదని చీరను మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టించి, సూట్‌కేసులో అడుగున పెట్టి, తాళం వేసి, పైన తాడు కట్టారు మా ఆయన. ఆ పెట్టెకి ఇచ్చిన రక్షణ మా పిల్లలకు కూడా ఎప్పుడూ దొరకలేదు.

పుంగనూరు: అక్కడక్కడ

మదనపల్లె నుంచి పుంగనూరు దాకా తుంపరే. దారి పక్కన టమోటా తోటల్లో గట్ల మీద పండ్లు కుప్పలుగా పోసి ఉన్నాయి. వానకు పగిలినవట. ఎవరూ ఏరుకోవడం లేదు. మా ఊళ్ళో టమోటాలు తూకం వేసేటప్పుడు ఒక్కటి ఎక్కువ వేయమని నేను పెట్టే గొడవ గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

పుంగనూరులో ఒక ఇంటి ముందు నడుము దాకా ఎత్తున్న తెల్లని బుజ్జి దూడ కట్టేసి ఉంది. నేను ముచ్చటపడి గంగడోలు నిమురుతూ, "తల్లి ఎక్కడుంది దీనికి?" అని అడిగాను. ఇంటి యజమానురాలు నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అదే తల్లమ్మా. మూడు ఈతలు ఈనింది."

ఈ ఊరి ఆవులు అంతే ఉంటాయని అప్పుడు చెప్పారు మా ఆయన. ముందే తెలుసట. ఆ ఒక్క హెచ్చరిక మటుకు చేయలేదు.

మధ్యాహ్నం భోజనంలో రాగి సంగటి వచ్చింది. బంతిలా, నల్లగా, పొగలు కక్కుతూ. నేను ముక్క తుంచి, మర్యాదగా నమలడం మొదలుపెట్టాను. నమిలేకొద్దీ పెరిగింది. పళ్ళకు అంటుకుని దవడలు బిగుసుకుపోయాయి. వడ్డించే ముసలాయన చూసి చూసి దగ్గరకొచ్చాడు.

"నమలాకమ్మా. పప్పులో అద్దుకోని మింగల్ల. గొంతు దానికదే దారిస్తాది."

అలాగే చేశాను. దారిచ్చింది. సాయంత్రం దాకా ఆకలి వేయలేదు. మర్నాడు కూడా పెద్దగా వేయలేదు.

లాడ్జిలో కరెంటు పోయింది. వాన పెద్దదయింది. మా ఆయన ట్రాన్సిస్టర్ బ్యాటరీలు అరచేతుల్లో రుద్ది వేడి చేసి మరీ విన్నారు. తుఫాను దిశ మార్చుకుంది. మా తీరం వదిలేసి, ఇంకా దక్షిణంగా, మద్రాసు వైపు వంగింది. కోస్తాకు ముప్పు తప్పింది. రాయలసీమలో అక్కడక్కడ వర్షాలు పడవచ్చు.

"అక్కడక్కడ అంటే ఎక్కడెక్కడండీ?" అన్నాను.

ఆయన కిటికీలోంచి చూశారు. వీధి దీపం స్తంభం కూడా కనిపించనంత వాన. "ఇక్కడిక్కడ" అన్నారు. మా కాపురంలో ఆయన వేసిన జోకులు రెండో మూడో. అది జోకో కాదో నాకిప్పటికీ అనుమానమే.

తుఫాను నుంచి పారిపోయి, దానికి ఎదురెళ్ళిన కుటుంబం మాదొక్కటేనని అనుకుంటాను. రేపల్లెలో వడియాలు ఎండుతున్నాయి. మేం పుంగనూరులో తడుస్తున్నాం.

పెద్దపంజాణి దారిలో: గంగమ్మకు సారె

పొద్దున ప్రైవేటు బస్సెక్కాం. పెట్టె లోపల పెట్టనివ్వలేదు, జాగా లేదని టాపు మీద వేశారు. దాని మీద శెనక్కాయ మూటలు వేశారు. మా ఆయన బస్సు కదిలేదాకా కిందే నిలబడి పట్టా సరిగా కప్పారో లేదో చూశారు.

నా పక్కన రెడ్డెమ్మ అనే ఆమె కూర్చుంది. పెద్దపంజాణి దగ్గర పల్లె ఆమెది. ఒళ్ళో కొత్త పళ్ళెంలో పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ. పెళ్ళికా అని అడిగితే పెద్దగా నవ్వింది.

"మా సెరువుకమ్మా! మొరవ పోతాండాది. నా మనవడు పుట్టినాక ఇదే మొదలు. గంగమ్మ వచ్చినాదంటే సారె పెట్టద్దా?"

మొరవ పోవడమంటే చెరువు నిండి, కట్ట పక్క నుంచి నీళ్ళు పొర్లిపోవడం. మా వైపు చెరువు పొర్లితే గొడ్లను విప్పి, పిల్లలను ఎత్తుకుని గట్టెక్కుతాం. ఇక్కడ చీర కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని ఎదురెళ్తారు. ఎండిన చెరువు చూసీ చూసీ విసిగినవాళ్ళకు నీళ్ళంటే చుట్టం. ఆ చుట్టం రాక కోసం బస్సులో సగంమంది పసుపు కుంకుమలతో ఉన్నారు. మా ఆయన ఒక్కరే టార్చిలైటుతో ఉన్నారు.

కొంత దూరం పోయాక బస్సు ఆగింది. రోడ్డు పల్లంలోకి దిగే చోట, కింద కల్వర్టు, పైన అడ్డంగా ఎర్రటి నీళ్ళు. రెండు పక్కలా జనం. డప్పులు కొడుతున్నారు. కోళ్ళు కోస్తున్నారు. పిల్లలు ఆ నీళ్ళలో గంతులేస్తున్నారు. మా ముందే ఒక టమోటా లారీ నీళ్ళు చిమ్ముకుంటూ అవతలికి పోయింది. జనం ఈలలు వేశారు.

డ్రైవర్ తల బయట పెట్టి చూశాడు. "మోకాలు లోతు గూడా ల్యా. పోదాం" అన్నాడు.

మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఆపండి. నేను దిగుతాను."

"ఈడ స్టాపు ల్యా సామీ" అన్నాడు కండక్టర్.

"నాకు స్టాపు అక్కర్లేదు. నా పెట్టె దించండి."

"పెట్టె టాపు మీద అడుగునుండాది సామీ. దాని మీద మూటలుండాయి. అవన్నీ తియ్యల్లంటే అర్ధగంట పడతాది. అట్లా పోతే అయిదు నిమిసాల్లో ఆపక్కనుంటాం. యాల ఈ రచ్చ?"

వెనక నుంచి ఎవరో అన్నారు, "సముద్రం కాడోల్లంటప్పా! పిల్లకాలవకు దడుసుకుంటాండారు సూడు!"

బస్సంతా గొల్లుమంది. నేను తలొంచుకుని నా చేతి గాజులు లెక్కపెట్టుకున్నాను. ఆయన చొక్కా అంచు పట్టి లాగాను. "కూర్చోండి, పరువు పోతోంది" అని గొణిగాను. ఆయన చొక్కా విడిపించుకున్నారు.

"నేను ఇరవై ఏండ్లుగా తోల్తాండా సామీ ఈ రోడ్డున" అన్నాడు డ్రైవర్, కాస్త కోపంగానే.

"తోలండి. నా పెట్టె ఇచ్చి తోలండి. అందులో మా మేనకోడలి పెళ్ళిచీర ఉంది."

పెళ్ళిచీర అన్న మాట మగవాళ్ళకు పట్టలేదు. ఆడవాళ్ళకు పట్టింది. రెడ్డెమ్మ లేచింది.

"మేనమామ సీరంట గదా! దించియ్యండప్పా. ఆ సీర ఒక పక్క, మేనమామ ఒక పక్క ఉంటే ఆ పిల్లకు ఎట్ల? మాకేం తొందర ల్యా. సెరువు యాడికీ పోదులే."

నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆమెకు వంత పలికారు. కండక్టర్ తిట్టుకుంటూ టాపెక్కాడు. మా ఆయన తుంపరలో రోడ్డు మీద నిలబడ్డారు. మంకీ క్యాపు, మఫ్లర్, చంకలో ట్రాన్సిస్టర్. పిల్లలు చుట్టూ మూగి చూస్తున్నారు. నేను దిగలేదు. భర్త వెంట అడవులకెళ్ళిన ఆడవాళ్ళ గురించి విన్నాను గానీ, మంకీ క్యాపు వెంట వెళ్ళినవాళ్ళ గురించి వినలేదు. సీట్లోనే కూర్చుని, ఆయన నా భర్త కానట్టు అటువైపు కిటికీలోంచి చూస్తున్నాను.

అందుకే నాకు ముందు కనిపించింది. పై నుంచి, తుమ్మచెట్ల వెనక నుంచి, నీళ్ళు కావు, గోడ లాంటిది వస్తోంది. అందులో ఒక చెట్టు నిలువుగా నడుచుకుంటూ వస్తోంది. డప్పులు ఆగిపోయాయి. అవతలి గట్టు మీద ఎవరో, "పై సెరువు తెగిందిరో!" అని అరిచారు.

పిల్లలను రెక్కలు పట్టి లాగేశారు. పరుగులు. మా ఆయన కూడా ట్రాన్సిస్టర్ పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తారు. మా డ్రైవర్ వెనక్కి చూడకుండానే బస్సును వెనక్కి తోలాడు. టాపు మీద కండక్టర్ మూటను కావలించుకుని, "నేనుండా! నేనుండా పైన!" అని కేకలు పెడుతున్నాడు. ఆ నీళ్ళు కల్వర్టును తాకిన చప్పుడు నాకు వినిపించలేదు. బస్సులో మా కేకలే వినిపించాయి. బస్సు ఆగాక చూస్తే ఎదురుగా రోడ్డు లేదు. లారీ దాటిన చోట, మేం అయిదు నిమిషాల్లో దాటాల్సిన చోట, పెద్ద గండి. గట్టున ఎవరో నిలబెట్టిన మోపెడ్ ఒకటి తిరుగుతూ తిరుగుతూ పోయింది. మనుషులెవరూ పోలేదు. కాసేపు పేర్లు పెట్టి పిలుచుకున్నారు, రెండు గట్ల మీద నుంచీ. అందరూ పలికారు.

డ్రైవర్ దిగాడు. బీడీ తీసి, వెలిగించకుండానే చెవి వెనక పెట్టుకున్నాడు. మా ఆయన దగ్గరకొచ్చాడు.

"మీకెట్ల తెలిసినాది సామీ?"

మా ఆయన బస్సు టాపు వైపు చూశారు. "పెట్టె తడవలేదు కదా?" అన్నారు.

నేను బస్సు దిగి ఆయన పక్కన నిలబడ్డాను. ఇప్పుడు దిగడానికి కారణం అక్కర్లేదు, ఎటూ పోయే దారి లేదు. ఆయన చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

రెడ్డెమ్మ ఇంట్లో జోస్యం

ఆ పూటకు రెడ్డెమ్మ మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళింది. వెచ్చని ఉలవ గుగ్గిళ్ళు, వేణ్ణీళ్ళు, పొడి చీర. డబ్బు మాటెత్తితే ఆమె మొహం చిన్నబోయింది. నేనే సిగ్గుపడి ఆపాను.

సాయంత్రానికల్లా మా ఆయన ఆ చుట్టుపక్కల పెద్ద జ్ఞాని అయిపోయారు. బస్సులో గొల్లుమన్న వాళ్ళే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒకాయన, "సామీ, వాన ఇంగా ఉంటాదా?" అంటాడు. ఇంకొకాయన, "ఉలవలు ఇప్పుడే సల్లొచ్చునా, నాలుగు దినాలు తాళల్లా?" అంటాడు. ఇంట్లో ఏనాడూ తులసికి కూడా నీళ్ళు పోయని మనిషి, మంచం మీద కూర్చుని, ట్రాన్సిస్టర్‌లో గరగర తప్ప ఏమీ రాకపోతే, గంభీరంగా, "నాలుగు రోజులు ఆగండి" అన్నారు. వాళ్ళు తలూపి వెళ్ళిపోయారు. ఆ ఉలవలు ఏమయ్యాయో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

మర్నాడు వాన వెలిసింది. గండి దగ్గర నీళ్ళు పాదాల లోతుకు దిగాయి. అప్పుడొచ్చింది జీపు. పైన మైకు, పక్కన గుడ్డ బ్యానరు. ఏ ఆఫీసుదో నేను చదవలేదు.

"ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి! భారీ వర్షాలు కురిసే అవకాశం ఉన్నందున వాగులు, వంకలు పొంగవచ్చు. కావున ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను!"

తెగిపోయిన రోడ్డు అంచున నిలబడి, నిగనిగలాడే ఎండలో, అందరం శ్రద్ధగా విన్నాం. రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పొంగింది సామీ. పొంగి పోయింది గూడా" అని కేకేసింది.

జీపులో మనిషి మైకు పక్కన పెట్టి, "ఆపక్కకు పోవాలంటే దారేదమ్మా?" అని అడిగాడు. ఇంకా మూడు ఊళ్ళను అప్రమత్తం చేయాలట. జీపును వెనక్కి తిప్పుతుంటే చక్రం బురదలో దిగబడింది. అప్రమత్తంగా ఉన్న ప్రజలంతా కలిసి దాన్ని తోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను. నా చీర కుచ్చిళ్ళ మీద ఎర్రమట్టి మరక ఇప్పటికీ పోలేదు.

కుప్పం: మూడు భాషల పెళ్ళి

చుట్టూ తిరిగి, కన్నడ దేశంలో రెండు బస్సులు మారి, రైలెక్కి కుప్పం చేరేసరికి పెళ్ళికూతురు గౌరీపూజకు కూర్చుంది. శాంత మమ్మల్ని చూసి ఏడ్చింది. తర్వాత తిట్టింది. తర్వాత మళ్ళీ ఏడ్చింది. గండి వార్త మాకంటే ముందే అక్కడికి చేరింది, చేరేటప్పటికి అందులో మా బస్సు కొట్టుకుపోయింది కూడా.

మూడు కవర్లూ విప్పాం. చీర మీద చుక్క తడి లేదు. మేనకోడలు రమ ఆ పచ్చ చీరలో పీటల మీదికి నడిచి వస్తుంటే, మా ఆయన పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నారు. జలుబన్నారు. చలిలో తిరిగాం కాబట్టి నేను ఒప్పుకున్నాను.

కుప్పంలో పెళ్ళి భోజనం మూడు రాష్ట్రాల ఒప్పందం. రసం తమిళం, పాయసం కన్నడం, పచ్చడి మనది. వడ్డించేవాళ్ళు ఒక మాట తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తారు. "ఇంకొంచం సాదం పోడనా అక్కా?" అంటే అన్నం వేయమంటారా అని. మేం వద్దన్నా వేశారు. ఆ ఒక్క విషయంలో అన్ని రాష్ట్రాలదీ ఒకటే ఆచారం.

మా ఆయన్ని పందిట్లో పదిమందికి చూపించారు. "రోడ్డు తెగుతుందని ముందే చెప్పిన మనిషి ఈయనే." ఆయన కాదని చెప్పే ప్రయత్నం చేశారు. ఎవరూ వినలేదు. అన్నేళ్ళు ఆయన చెబుతుంటే ఎవరూ వినలేదు, ఇప్పుడు ఆయన కాదంటున్నా ఎవరూ వినడం లేదు.

మర్నాడు పొద్దున కుప్పం స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. పలచటి ఎండ. బండి ఆలస్యం. అడిగాను.

"నిజం చెప్పండి. మీకెలా తెలిసింది?"

"తెలియదు. భయమేసింది, అంతే."

"అంతమంది నవ్వుతుంటే దిగారే!"

ఆయన మఫ్లర్ విప్పి ఒళ్ళో మడత పెట్టుకున్నారు. వాళ్ళ నాన్న తుఫానులో పోయారని మా పెళ్ళైన కొత్తలో నాకు చెప్పారు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఆ రోజు మా పక్కింటి రేడియోలో చెప్పారు" అన్నారు. "నాకు పదహారేళ్ళు. ఊరొదిలి పోదాం నాన్నా అన్నాను. అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. పిరికోడు పుట్టాడురా నీకు అన్నారు. నాన్న కూడా నవ్వాడు. నాకు సిగ్గేసింది. ఇంక మాట్లాడలేదు." ట్రాన్సిస్టర్ ఏరియల్ లోపలికి నొక్కారు. "ఇంకొక్కసారి అడిగితే వచ్చేవాడేమో. నవ్వుతారని అడగలేదు."

ఇన్నేళ్ళుగా ఆ కిటికీ తాళ్ళను, అగ్గిపెట్టెల డబ్బాను చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఆ మాటే అన్నాను.

"నేను కూడా నవ్వుతూనే ఉన్నాను కదండీ."

"నువ్వు నవ్వుకో" అన్నారాయన, బండి వస్తోందేమోనని లేచి చూస్తూ. "గట్టిగా నవ్వుకో. గాలివాన రోజు మాత్రం ఇంట్లో ఉండి నవ్వుకో, చాలు."